శనివారం దాకా బతకాలి

సోమవారం పొద్దు బారెడెక్కిన వేళ గద్ద దోమతెరలో పడింది.

నెలిమా వంటింట్లో జొన్నలు చెరుగుతోంది. ముందు బోసిమెడ కోడి అరుపు వినిపించింది. పిల్లల్ని దాక్కోమని చెప్పే పొట్టి అరుపు అది. వెంటనే పైనుంచి గోనెసంచి పడ్డట్టు ధబ్బుమని చప్పుడు. చేట పక్కన పడేసి పరుగెత్తింది. వంటింటి చూరుకూ, పాత మేకల కొట్టం గుంజకూ మధ్య తను కట్టిన తెల్లటి దోమతెర నేలదాకా కుంగిపోయింది. అందులో గోధుమరంగుది ఏదో పొర్లుతోంది. ఒక కాలు తెర చింపుకుని బయటికొచ్చి గాలిని పట్టుకుంటూ, వదులుతూ ఉంది.

నెలిమా మొదట పిల్లల్ని చూసుకుంది. పుట్టి ఆరు రోజులైన పిల్లలు. పదకొండూ కోడి రెక్కల కింద ఉన్నాయి. అప్పుడు ఎవరో నవ్వారు. ఆ నవ్వు తనదేనని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆమె ఇల్లు మసాబా కొండ వాలు చివర, నీలగిరి చెట్ల వరస పక్కన ఉంది. గద్దలు రాత్రి నిద్రపోయేది ఆ చెట్ల మీదే. ఏడేళ్ల కిందట ఖయెంబా ఆమెను రెండో భార్యగా తెచ్చుకున్నప్పుడు ఇక్కడే మట్టి గోడలు లేపాడు. పెద్ద భార్య నమరోమె ఇల్లు పైన, అవకాడో చెట్ల కింద, అరటి తోటలో ఉంది. అక్కడ కోడిపిల్ల తల్లిని వదిలి రోజంతా తిరిగినా ఆకాశానికి కనపడదు. ఇక్కడ ఆకాశం నేరుగా గుమ్మంలోకి దిగుతుంది. రెండేళ్లుగా నెలిమా పెరట్లో ఒక్క పిల్లా కోడి కాలేదు.

ఖయెంబా చెరకు ఫ్యాక్టరీలో ట్రాక్టరు తోలతాడు. శనివారం ఇంటికొస్తాడు. "ఏ ఇంట్లో కోడి ఉడికితే ఆ ఇంట్లో నా ముక్కాలిపీట" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నదే కట్టుబాటైపోయింది. నెలిమా గుమ్మంలో ఆ పీట పడి పద్నాలుగు నెలలైంది.

కోడి కూరంటే ఆ కొండ వాలులో కూర ఒక్కటే కాదు. అందులో కందనకాయ ఇంటి మగవాడిది. భార్య దాన్ని చీల్చి, కడిగి, వండి, పైన పెట్టి వడ్డిస్తుంది. నాలుక మీద పెట్టదు. నెలిమా మేనత్త ఒకావిడ కందనకాయ కొరికిందన్న నిందతో పుట్టింటికి తిరిగొచ్చింది. కొరికిందో లేదో ఎవరికీ తెలియదు. ఆవిడ అక్కడే ముసలిదైంది. పెళ్లినాడు నెలిమాకు వాళ్లమ్మ చెప్పిన జాగ్రత్తల్లో మొదటిది ఆ మేనత్త పేరే.

అందుకే ఈసారి నెలిమా పెట్టె అడుగునుంచి దోమతెర తీసింది. మూడేళ్ల కిందట, ఐదో నెలలో, ఆసుపత్రి నర్సు కడుపుతో ఉన్నవాళ్లందరికీ ఇచ్చినట్టే ఆమెకూ ఒకటి ఇచ్చింది. ఆ కడుపు నిలవలేదు. తెర ప్లాస్టిక్ సంచి విప్పకుండా అలాగే ఉండిపోయింది. పిల్లలు గుడ్డు పగలగొట్టిన రోజున ఆమె ఆ సంచిని పళ్లతో చింపింది.

గద్ద కాళ్లను నారతాడుతో కట్టేసరికి ఆమె మోచేతిదాకా గీతలు పడ్డాయి. ఒక రెక్క విరిగి వేలాడుతోంది. పసుపు ముక్కు సగం తెరిచి అది ఆమెను చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకుంది నెలిమా. ఏమీ లేదు. తూకం వేసేవాడు సంచిని చూసినట్టు చూసింది.

రెండిళ్లకూ మధ్య గుడిసెలో ఉండే అత్త నసంబు కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"మెడ విరువు. తలకిందులుగా కట్టు," అంది ముసలామె. "మా అత్త అట్టాగే కట్టేది. నేనూ అట్టాగే కట్టాను."

"చచ్చింది ఎవర్ని భయపెడుతుంది అత్తా? రెండ్రోజులు పోతే ఉత్త ఈకలు. బతికుంటే అరుస్తుంది. దీని అరుపు విని రెండోది ఈ పక్క తొంగిచూడదు."

"గద్దలకేనా చెవులు? నీ కోడికి లేవా?"

అప్పటికే నెలిమా వెదురు గడకు అడ్డకర్ర కడుతోంది. పెరటి మధ్యలో గడ పాతి, పైన అడ్డకర్రకు గద్ద కాళ్లు బిగించింది. అది పడిపోయి వేలాడింది, మంచి రెక్కతో కొట్టుకుని మళ్లీ పైకెక్కింది, మళ్లీ పడింది. మూడోసారి ఎక్కి నిలబడి అరిచింది. సన్నగా మొదలై, వణుకుతూ దిగే అరుపు. నీలగిరి చెట్ల మీదున్న నాలుగు గద్దలు ఒకేసారి లేచి లోయ అవతలికి పోయాయి.

నమరోమె సాయంత్రం దిగివచ్చింది. లావుపాటి మనిషి. అరిటాకు విసనకర్రలా ఊపుకుంటూ గడ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమే చెల్లీ, నర్సుకి కబురు పంపావా?"

"ఏ కబురక్కా?"

"తెర వృథా పోలేదని. నెలిమాకి బిడ్డ పుట్టింది, రెక్కలున్నాయి, ముక్కు మాత్రం నాన్న పోలిక కాదని."

వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. నెలిమా కూడా నవ్వింది. నవ్వకపోతే మాట లోపలికి దిగుతుందని ఆమెకు తెలుసు. నవ్వినా దిగింది.

మంగళవారం నుంచి జనం రావడం మొదలైంది. జొన్న చేలకు పోయేవాళ్లు దారి మార్చుకుని వచ్చారు. ఊట దగ్గర బిందెలు పెట్టేసి వచ్చారు. ఎట్టా పట్టావు, చేతికి ఏం రాశావు, రాత్రి కూడా అరుస్తుందా అని అడిగారు. నెలిమా చెప్పింది. రెండోసారి చెప్పేటప్పటికి కథలో గద్ద కొంచెం పెద్దదైంది. మూడోసారికి ఆమె పరుగెత్తలేదు, నడిచి వెళ్లి రెండు చేతులతో పట్టుకుంది. ఏడేళ్లలో ఇంతమంది ఆమె ముఖంలోకి చూసి మాట్లాడటం అదే మొదలు. ఇంతకాలం వాళ్లు ఆమె పొట్ట వైపు చూసి మాట్లాడేవారు.

బోసిమెడ కోడి మాత్రం బయటికి రాలేదు.

కొట్టం మూలన, పిల్లల్ని కింద పెట్టుకుని, మెడ భుజాల్లోకి లాక్కుని కూచుంది. గద్ద అరిచినప్పుడల్లా ఇంకాస్త నేలకు అతుక్కునేది. నెలిమా జొన్న నూక తెచ్చి ముక్కు దగ్గర చల్లింది. కోడి చూసింది, ముట్టలేదు. పిల్లల్ని ఒక్కొక్కటే బయటికి లాగి నూక ముందు నిలబెట్టింది. ఒకటి రెండు పొడిచాయి. గడ మీంచి అరుపు వచ్చింది. కోడి గొంతులో ఆ పొట్టి మాట పలికింది. పిల్లలన్నీ నూక తొక్కుకుంటూ రెక్కల కిందికి పోయాయి.

"అలవాటవుతుందిలే," అంది నెలిమా పైకే. ఎవరూ లేరు.

కోడిని బుట్టలో పెట్టి వంటింట్లోకి మార్చింది. మట్టి గోడ అరుపును ఆపలేదు.

బుధవారం మధ్యాహ్నం నమరోమె మళ్లీ వచ్చింది. ఈసారి విసనకర్ర లేదు.

"నీ పుణ్యమా అని నా కోళ్లు ఎండలో తిరుగుతున్నాయే. పొద్దుట్నుంచీ ఒక్క గద్ద నీడ పడలేదు," అంది. ఆ మాట చెప్పడం ఆమెకు కష్టంగానే ఉన్నట్టుంది. చేతిలో ఫోను తిప్పింది. "ఆయన ఫోను చేశాడు. నీ గద్ద సంగతి ఫ్యాక్టరీ దాకా పాకింది. శనివారం నేస్తాలిద్దర్ని వెంటబెట్టుకొస్తాడట. చూడాలట. చావనివ్వొద్దన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"కిందింట్లోనే కూచుంటాడట." నమరోమె గద్దను చూస్తూ అంది. "కోడి కొయ్యమన్నాడు. నీ దగ్గరుందా, లేక నన్ను పంపమంటావా?"

"ఉంది."

"అడగడానికి సిగ్గుపడకే."

"ఉందన్నాగా అక్కా."

ఆమె వెళ్లాక నెలిమా వంటింట్లోకి పోయింది. బుట్ట అంచున రెండు పిల్లలు కాళ్లు చాపి పడున్నాయి. చేతిలోకి తీసుకుంది. బరువే లేదు, ఎండిన మందారప్పువ్వంత. బయటికి తెచ్చి చెత్తకుప్ప వైపు నడిచి, మధ్యలో ఆగింది. గడ మీద గద్ద తల వాల్చి ఉంది. రెండు రోజులుగా అది ఏమీ తినలేదు. పొద్దుటి కంటే అరుపు సన్నబడింది.

శనివారం దాకా బతకాలి.

పారేసేవే కదా, అనుకుంది. పుల్ల చివర గుచ్చి పైకి చాచింది. గద్ద పిల్లను చూడలేదు. ముందు ఆమెను చూసింది. తర్వాత మెడ చాచి అందుకుంది. కాళ్లు కట్టేసి ఉన్నా ఎంత నేర్పుగా తింది! రెండోదాన్ని ఇంకా తొందరగా తింది. సాయంత్రం అరుపు బలంగా వచ్చింది. లోయ అవతలి గద్దలు అక్కడే ఉండిపోయాయి. ఆకాశం కడిగిన పళ్లెంలా ఖాళీగా ఉంది.

తొమ్మిది చాలు, అనుకుంది నెలిమా. తొమ్మిది బతికినా పెద్ద మంద.

గురువారం పొద్దున ఏడు చాలనిపించింది. మధ్యాహ్నానికి ఐదు. ఎన్ని మిగిలితే అన్నే చాలవుతున్నాయని ఆమె గమనించింది. తనలో ఎవరో ఓర్పుగా కూచుని, ప్రతిసారీ గీతను కాస్త కిందికి జరుపుతున్నారు. ఆ మనిషిని ఆపవచ్చు. కత్తి వంటింటి చూరులోనే ఉంది. ఒక్క దెబ్బ. అరుపు ఆగిపోతుంది, కోడి లేస్తుంది, మిగిలినవి తింటాయి. శనివారం ఖయెంబా వచ్చి చచ్చిన గద్దను చూస్తాడు. చచ్చిన గద్దను ప్రతి ఇంట్లోనూ చూశాడతను. దానికోసం ముక్కాలిపీట కిందికి రాదు.

కోడినీ పిల్లల్నీ నమరోమె ఇంటికి పంపవచ్చు. అవకాడో చెట్ల కింద ఈ అరుపు సరిగ్గా వినపడదు. నాలుగు రోజులు చూసుకో అక్కా అంటే నమరోమె కాదనదు. కాదనదు కాబట్టే అడగలేకపోయింది.

గురువారం సాయంత్రం తీసిన పిల్ల పూర్తిగా చావలేదు. అరచేతిలో పెట్టుకుంటే ముక్కు తెరుచుకుంది, మూసుకుంది. మెడ నిలవడం లేదు. వేలి కింద గుండె, కుట్టుమిషను సూదిలా. నీళ్లు పోస్తే మింగవచ్చు. పొయ్యి పక్కన గుడ్డలో చుడితే తెల్లారేదాకా ఉండవచ్చు. నెలిమా దాని చావు కోసం నిలబడి ఎదురుచూసింది. గడ మీద గద్ద కూడా ఎదురుచూసింది. చీకటి పడబోతోంది, పొయ్యి ఇంకా రాజెయ్యలేదు.

పుల్ల వాడలేదు ఆమె. చేత్తోనే పైకెత్తింది. గద్ద ముక్కు ఆమె వేళ్లను తాకకుండా పిల్లను మాత్రమే తీసుకుంది. అంత మర్యాదగా తన చేతిలోంచి ఎవరూ ఏదీ తీసుకోలేదని ఆమెకు తోచింది. చెయ్యి బూడిదతో రుద్ది కడుక్కుంది.

శుక్రవారం తెల్లవారుతూనే చూరులోంచి కత్తి తీసుకుంది. మసాబా కొండ మీద మంచు ఇంకా విడలేదు. గడ కింద నిలబడింది. గద్ద అడ్డకర్ర మీద కళ్లు మూసుకుని ఉంది. కనురెప్ప కిందినుంచి పైకి మూసుకోవడం ఆమె ఇంత దగ్గరగా చూడలేదు. రాత్రి ఇంకొకటి పోయినా, ఇంకా మూడు పిల్లలున్నాయి. మూడంటే ఒక పుంజూ, రెండు పెట్టలూ కావచ్చు. ఏడాది తిరిగితే మళ్లీ పెరడు నిండుతుంది. చెయ్యి ఎత్తింది.

పైన వాకిలి ఊడుస్తూ నమరోమె చీపురు ఆపి ఇటే చూస్తోంది.

"ఏమే, చంపేస్తున్నావా?" వాలు మీంచి ఆమె గొంతు తేలికగా దిగింది. "చంపు చంపు. ఆయనకి నేను చెప్తాలే. పైనే వండుతాను."

"తాడు వదులైందక్కా. కోసి కొత్తది కడదామని."

"అట్టాగా."

నెలిమా నిజంగానే తాడు చివర కోసి, ఇంకో ముడి బిగించింది. శనివారం పొద్దుటికి పిల్లలన్నీ అయిపోయాయి. ఆఖరి మూడింటినీ గద్దకు ఒకేసారి పెట్టింది. అతిథులు వచ్చే వేళకు గట్టిగా అరవాలి.

పదకొండు పిల్లల్నీ గద్దే తింది. ఈ మాట ఆమె మనసులో ఎవరి గొంతుతోనో వినిపించింది. నసంబు గొంతు కాదు, నమరోమెది కాదు. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ ఆ గొంతు మళ్లీ వస్తుందేమోనని విన్నది. రాలేదు.

కోడి ఖాళీ బుట్టలో, రెక్కలు ఇంకా కాస్త విప్పి, ఏమీ లేనిదాన్ని కప్పుకుని కూచుంది. ఎత్తితే పెనుగులాడలేదు. ఈకలే బరువు. మెడ కోసినప్పుడు కాళ్లు కూడా సరిగ్గా కొట్టుకోలేదు.

ఈకలు పీకి, కడుపు చీల్చి, కందనకాయ తీసింది. చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. బోసిమెడ కోళ్ల కందనకాయ పిల్లవాడి పిడికిలంత ఉంటుంది, గట్టిగా, ఊదారంగు మెరుపుతో. ఇది మెత్తగా, ముడుచుకుని, ఎండిన అత్తిపండులా ఉంది. చీల్చింది. ఎప్పుడూ జొన్నలు, మొక్కజొన్న ముక్కలు, గడ్డి ఉండే చోట ఐదారు రాళ్లు మాత్రం ఉన్నాయి. నూరడానికి ఏమీ లేక ఒకదాన్నొకటి నూరుకుని తెల్లగా, నున్నగా అయ్యాయి. రాళ్లు అరచేతిలో గలగలమన్నాయి. లోపలి పసుపు పొర గీరి తీసేస్తే ఇంకా చిన్నదైంది.

బయట ట్రాక్టరు చప్పుడు.

"ఎక్కడే నా పెళ్లాం, గద్దల్ని పట్టేది?" ఖయెంబా గొంతు. ఏడేళ్లలో అతను 'నా పెళ్లాం' అని నలుగురిలో అన్నది ఇదే మొదలు. నెలిమా చేతులు కడుక్కోవడం మరిచిపోయి గుమ్మంలోకి వచ్చింది.

కుర్రతనంలో అతనితో ఒకే ఏడు సున్తీ అయి, ఆ వాలు ఆచారంలో అన్నదమ్ముల లెక్కైన నేస్తాలిద్దరు వెంట ఉన్నారు. పొడుగ్గా ఉన్నవాడు లుస్వేటి, నోరు జాస్తి. రెండోవాడు మాట్లాడకుండా నవ్వేవాడు. గద్ద సరిగ్గా అప్పుడే అరిచింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఖయెంబా కర్రతో దాని పొట్టలో పొడిచాడు.

"బలిసింది చూడరా! ఐదు రోజులు కట్టేస్తే ఎండిపోవాలి, ఇది బలిసింది. ఏం పెట్టావే?"

"ఏదో ఒకటి," అంది నెలిమా.

"మొగుణ్ణి మేపకపోయినా దీన్ని మేపిందిరా," అన్నాడు లుస్వేటి. అందరూ నవ్వారు. ఖయెంబా కూడా నవ్వుతూ ముక్కాలిపీట ఆమె గుమ్మంలో వేసుకుని కూచున్నాడు. పీట కాళ్లు మట్టిలో దిగబడ్డ చప్పుడు ఆమెకు లోపల ఎక్కడో వినిపించింది.

జొన్న కల్లు కుండ మధ్యలో పెట్టింది. సంకటి ముద్ద, కూర తెచ్చింది. కందనకాయ పైన పెట్టింది. ఉల్లిపాయ ముక్కల్లో దాన్ని కొంచెం పూడ్చింది. అలా పూడ్చి ఉండకూడదని ఆమెకు తర్వాత తెలిసింది.

ఖయెంబా వేళ్లతో ఉల్లిపాయలు పక్కకు జరిపాడు.

"ఇదేంటి?"

"కందనకాయ."

"ఎవరిది? పిచ్చుకదా?" పైకెత్తి నేస్తాలకు చూపించాడు. "బోసిమెడ పెట్టది ఇంతేనా? మిగతాది ఏదే?"

"అదే ఉంది."

"చాటుగా పూడ్చావెందుకు?"

లుస్వేటి ఈలవేశాడు. "పద్నాలుగు నెలలు ఆకలిమీదుంది పాపం. కొరికుంటుంది."

"నేను ముట్టలేదు. నా తల్లి మీద ఒట్టు. కోడి వారంగా తినలేదు, అందుకే చిక్కిపోయింది."

"ఎందుకు తినలేదు?"

నెలిమా నోరు తెరిచింది. గడ మీంచి అరుపు వచ్చింది. అందరూ అటు తిరిగి, మళ్లీ ఆమె వైపు తిరిగారు. చెప్పవచ్చు. ఆ అరుపుకే అంటే చాలు. అప్పుడు అడుగుతాడు, పిల్లలేవి అని. పదకొండు పిల్లల్ని నీ ముక్కాలిపీట కోసం చంపుకున్నానని చెప్పాలి. అది విని వీళ్లు నవ్వుతారు. కొరికినదాన్ని పుట్టింటికి పంపుతారు. చంపుకున్నదాన్ని ఎక్కడికీ పంపరు, ఇక్కడే ఉంచుకుని నవ్వుతారు. రెంటిలో ఏది తేలికో ఆమె నిజంగా తూచింది.

"మేత కూడా వెయ్యలేదంటే ఇంకేం ఆడదానివే," అన్నాడు ఖయెంబా. గొంతులో కోపం కంటే విసుగు ఎక్కువ. "కొరికావా, లేదా? ఒక్క మాట."

నెలిమా వంగి పళ్లెం పక్కన పడ్డ ఉల్లిపాయ ముక్కల్ని ఏరసాగింది.

వాలు మీద నమరోమె ఎప్పుడొచ్చిందో, సగం దారిలో నిలబడి ఉంది. "అన్నం పొయ్యి మీదుంది. కోడి కూడా ఉంది. రండి అన్నా," అని లుస్వేటిని పిలిచింది. చెల్లెలి వైపు చూడలేదు. చూడకపోవడం కూడా దయలాగే కనిపించేట్టు నిలబడింది.

ఖయెంబా లేచాడు. పీట కాళ్లు మట్టిలోంచి ఊడబెరికి చంకన పెట్టుకున్నాడు. "సోమవారం మీ అన్నకు కబురు పంపుతాను. వచ్చి తీసుకుపొమ్మని," అన్నాడు. గడ దాటుతూ గద్దను చూశాడు. "ఇది మాత్రం ఉండనీ. పైనున్న కోళ్లకు మంచిది."

వాళ్లు వెళ్లాక కూర చల్లబడి నూనె పేరుకుంది. అవకాడో చెట్ల కింద నవ్వులు, గిన్నెల చప్పుడు. నసంబు తన గుడిసె గుమ్మంలో కూచుని చూస్తోంది. అనాల్సింది సోమవారమే అనేసింది.

పళ్లెంలో కందనకాయ అలాగే ఉంది. నెలిమా దాన్ని తీసుకుని గడ దగ్గరికి నడిచింది. నాలుక మీద పెట్టుకోవాలని ఒక్క క్షణం బలంగా అనిపించింది. చెయ్యని తప్పుకు నింద పడింది, ఇప్పుడు చేసినా ఎవరికీ తెలియదు. పెదవుల దాకా తెచ్చింది. నోరు తెరుచుకోలేదు.

గద్ద అడ్డకర్ర మీద అటూ ఇటూ కదిలింది. వేళయిందని దానికి తెలుసు. మెడ చాచి, ఆమె చేతిని కాదు, ఆమె ముఖాన్ని చూసింది.

"ఇంద," అంది నెలిమా.

అది ఎప్పటిలాగే, వేళ్లకు తగలకుండా, ఇంటి మగవాడి ముక్కను తీసుకుంది.